లోవగూడకు ముప్పు లేదు

లోవగూడలో ముప్ఫై ఎనిమిది గడపలు, ఒక గెడ్డ, ఒక కొండ, ఒక కర్ర ఉన్నాయి. మొదటి మూడూ ప్రభుత్వం వారి రికార్డుల్లో ఉన్నాయి. కర్ర లేదు. గొడవంతా అక్కడే వచ్చింది.

కర్ర సంగతి ముందు చెప్పుకోవాలి. అది భుజమెత్తు నల్లమద్ది కర్ర, చేతులు మారి మారి నున్నబడింది. రోజూ పొద్దువాలే వేళ కొండ దిగినవాళ్ళు దాన్ని తెచ్చి పక్కింటి గుమ్మానికి ఆనించి తమ దారిన తాము పోతారు. పిలవడాలు, చెప్పడాలు ఉండవు. తెల్లారగానే ఆ ఇంట్లోంచి ఇద్దరు లేచి, కర్ర పట్టుకుని జాకరమ్మ కొండ చుట్టి రావాలి. గొడ్డలి చప్పుడు వినబడితే కేక వెయ్యాలి. కేక వినబడితే ఊరంతా పరిగెత్తాలి. ఇంతే చట్టం. జ్వరమొస్తే బదులు మనిషిని పంపుకోవచ్చు గాని వంతు తప్పడానికి వీల్లేదు. ఒకసారి పెళ్ళివారింటికి వంతొస్తే పెళ్ళికొడుకే పసుపు బట్టలతో కొండెక్కాడు. ముహూర్తం ఆయన దిగేదాకా ఆగింది.

నలభై ఏళ్ళ కిందట కలప కాంట్రాక్టర్లు కొండకు గుండు కొట్టించి పోతే, ఆ వేసవికి కొండ మీంచి దిగే గెడ్డ ఎండిపోయింది. అప్పుడు బిడ్డిక ఎండమ్మ అత్తగారు తన గుమ్మానికి తనే ఓ కర్ర ఆనించుకుని ఈ పని మొదలుపెట్టింది. పదేళ్ళకు చెట్లు లేచాయి, పన్నెండో ఏట గెడ్డ మళ్ళీ ఎండాకాలం కూడా పారింది. ముసలామె పోయాక ఆ పెద్దరికం ఎండమ్మకు వచ్చింది. వన సంరక్షణ సమితి అధ్యక్షురాలని ఆమె పేరు ఏదో కాగితం మీద ఉంది. ఊళ్ళో మాత్రం ఆమె ఉద్యోగం, సాయంత్రం కర్ర ఏ గుమ్మం దగ్గరుందో ఓ కన్ను వేసి ఉంచడమే.

గెడ్డ మంచిదే గాని దానికి తలబిరుసు. శ్రావణంలో పొంగిందంటే మూడు రోజులు ఎవర్నీ దాటనివ్వదు. రెండేళ్ళ కిందట ఎండమ్మ కూతురు సన్నమ్మకు నొప్పులొస్తే డోలీ కట్టి ఒడ్డుదాకా మోసుకొచ్చారు. అవతల అంబులెన్సు, ఇవతల డోలీ, మధ్యన నీళ్ళు. ఆరు గంటలు అలాగే నిలబడ్డారు. పిల్లాడు ఒడ్డునే పుట్టి ఒడ్డునే పోయాడు. ఆ రోజు నుంచీ ఎండమ్మకు ప్రపంచంలో కావలసింది ఒకటే, గెడ్డ మీద వంతెన. నాలుగు అర్జీలు పెట్టింది. ముప్ఫై ఎనిమిది గడపలకు వంతెన గిట్టుబాటు కాదని నాలుగింటికీ ఒకే జవాబు వచ్చింది.

సరిగ్గా అలాంటి రోజుల్లో అటవీ సేవల విలువ నిర్ధారణాధికారి మార్తాండరావు గారు, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, బూట్లు చేత్తో పట్టుకుని, గెడ్డ దాటి లోవగూడకు వేంచేశారు.

"కాళ్ళు తడిసిపోయాయి" అన్నారు మొదటి మాటగా. తర్వాత నులకమంచం మీద కూర్చుని, కాళ్ళు ఆరేలోగా విషయానికి వచ్చారు. "అమ్మా, ఇన్నాళ్ళూ మీరు అడవిని అడవి అనుకుంటున్నారు. అది అవగాహనా లోపం. అడవి అనగా సేవలందించు వ్యవస్థ. గాలి ఒక సేవ, నీరు ఒక సేవ, నీడ ఒక సేవ. ఈ సేవలను మానవాళి శతాబ్దాలుగా ఉచితంగా వాడుకుంటోంది. ఇకపై అలా కుదరదు. ప్రతి సేవకూ విలువ కట్టి, ఆ సేవను కాపాడుతున్న వారికి చెల్లించవలెనని పైనుంచి నిర్ణయమైంది."

"అడివి మాకు సేవ సెయ్యడమేటి బాబూ? దానికి మేవే గదా సేత్తన్నాం" అంది ఎండమ్మ.

"అది పాత దృక్పథం" అన్నారాయన దయగా.

మర్నాటి నుంచి నలుగురు మనుషులు పది రోజులపాటు విలువ కట్టారు. నీడను టేపుతో కొలిచారు. పొద్దున ఒక కొలత, మధ్యాహ్నం మరో కొలత వచ్చేసరికి ఏది ఖాయం చెయ్యాలో తేలక సగటు తీశారు. గెడ్డ నీళ్ళకు పట్నంలో ట్యాంకరు ధర వేశారు. తేనెటీగలు పువ్వు పువ్వుకూ తిరిగే పనిని మనుషుల చేత చేయిస్తే ఎంత కూలి అవుతుందో గుణించి, ఈగలకు ఆదివారం సెలవు లేదు గనక దానికి అదనం కలిపారు. చివరికి మానసిక ప్రశాంతత మిగిలింది. చింతచెట్టు కింద చుట్ట కాల్చుకుంటున్న ఆరిక సుక్కయ్య తాత దగ్గరికి వెళ్ళి, ఈ చెట్టు కింద కలిగే ప్రశాంతతకు గంటకు ఎంత చెల్లించడానికి సుముఖంగా ఉన్నారని అడిగారు.

"మీరొచ్చినకాణ్ణించీ అది నేదు బాబూ. మీరెల్లిపోయాక వచ్చి అడగండి, సెప్తాను" అన్నాడు సుక్కయ్య.

ప్రశాంతతకు స్థానికంగా గిరాకీ అధికం అని వాళ్ళు రాసుకున్నారు.

మొత్తం తేలింది. జాకరమ్మ కొండ సాలుకు చేస్తున్న సేవల విలువ అక్షరాలా నాలుగు కోట్ల పదిహేడు లక్షలు. ఆ మాట విని ఊరంతా ఒకసారి తలెత్తి కొండవైపు చూసింది. ఇంత ఉన్నదానివి ఏనాడూ చెప్పలేదేమే అన్నట్టు చూసింది.

"అందులో ఒంతెన వత్తాదా బాబూ?" అని అడిగింది ఎండమ్మ.

"రెండు వస్తాయి. ఒకటి వెళ్ళడానికి, ఒకటి రావడానికి" అన్నారు మార్తాండరావు గారు. ఈసారి గెడ్డ దాటేటప్పుడు ఇద్దరు కుర్రాళ్ళు ఆయన్ని భుజాల మీద కూర్చోబెట్టుకుని మరీ దాటించారు.

నెల తర్వాత ఎండమ్మకు పట్నం నుంచి కబురొచ్చింది. సుక్కయ్య తాతను తోడు తీసుకుని ఆఫీసుకు వెళ్ళింది. మార్తాండరావు గారి బల్ల మీద దిండంత ఫైలు ఉంది.

"మీ అడవి విలువ విషయంలో ఎలాంటి సందేహమూ లేదు. చెల్లింపు విషయంలోనే ఒక చిన్న నిబంధన. ప్రభుత్వ ధనం అదనపు సేవకే గాని మామూలు సేవకు చెల్లదు. ఒక ప్రశ్నకు ఆలోచించి సమాధానం చెప్పండి. మేము డబ్బు ఇవ్వలేదనుకోండి, మీరు కొండను కాపాడటం మానేస్తారా?"

"ఎలగ మానేత్తాం బాబూ? నీల్లు కావాల గదా."

ఆయన కలం కింద పెట్టి నిట్టూర్చారు. "ఆలోచించి చెప్పమన్నాను. ఆ మాట మీరు అనకుండా ఉండవలసింది. డబ్బిచ్చినా ఇవ్వకపోయినా జరిగే పనికి డబ్బివ్వడం దుబారా కిందికి వస్తుంది. మీ అర్హత సున్నా."

"మరి రాళ్ళవలసోల్లకి కోటీ ఇరవై లచ్చలిచ్చారంట గదా" అన్నాడు సుక్కయ్య. రాళ్ళవలస పక్క ఊరే. అక్కడివాళ్ళు తమ కొండను వేళ్ళతో సహా పెకలించి అమ్ముకున్న సంగతి మండలమంతా ఎరిగినదే.

"ఇచ్చాం. అక్కడ ఒక్క మొక్క బతికినా అది అదనం. మీ దగ్గర లక్ష చెట్లున్నా అది మామూలు."

"అంటే దొంగకి కూలీ, కాపలాకి మొండిచెయ్యా?"

"ఆ పదజాలం సబబు కాదు. వాళ్ళు మార్పునకు అవకాశం గల లబ్ధిదారులు. మీరు మార్పు అవసరం లేనివారు. అయినా నిరాశ వద్దు. మీ అడవి నరికివేతకు గురయ్యే ప్రమాదంలో ఉందని తగిన అధికారి నుంచి ముప్పు ధ్రువపత్రం తెచ్చుకోండి. ముప్పు ఉంటే, దాని నుంచి కాపాడటం అదనపు సేవ అవుతుంది."

ఎండమ్మ ముప్పు కోసం బయల్దేరింది. తాసిల్దారు ఆఫీసులో ముప్పు నమూనా ఫారం తమ దగ్గర లేదన్నారు. వరదదీ, అగ్నిప్రమాదానిదీ ఉన్నాయి, కావాలంటే అందులో ఒకటి రాసుకుపొమ్మన్నారు. పోలీసు స్టేషన్లో ఎస్సై గారు పదేళ్ళ రికార్డు తిరగేసి, "మీ కొండ మీద ఒక్క కేసు కూడా లేదు. నీ కొండకి ముప్పు లేదని కావాలంటే ఇప్పుడే స్టాంపు కొట్టిస్తాను" అన్నాడు. అందరూ తలో కుర్చీ చూపించారు, ఎవరూ కాగితం ఇవ్వలేదు.

చివరికి సుక్కయ్య తాతకే ఆలోచన తట్టింది. "ముప్పు కాడికే ఎల్లి అడిగితే పోలా?"

ముప్పు పేరు రంపాల పోలినాయుడు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల అతను కొట్టని కొండ లేదు, జాకరమ్మ కొండ తప్ప. రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ లోవగూడ కేకకు లుంగీ ఎగ్గట్టుకుని పరిగెత్తాడు. ఇప్పుడు రాళ్ళవలసలో మొక్కలు నాటే కాంట్రాక్టు అతనిదే. తెల్లచొక్కా వేసుకుని గోతుల పక్కన గొడుగు కింద కూర్చున్నాడు.

"ఓ పాలి వచ్చి మా కొండ మీద రెండు సెట్లు కొట్టి పోరాదా నాయుడూ? కాయితం కావాల" అని బతిమాలింది ఎండమ్మ.

"ఓలమ్మా, ఆ పని ఒగ్గేసి నాలుగేల్లయింది. సెట్టు కొడితే ఏటొత్తాది? లారీ బాడుగ, పోలీసోడు, సామిల్లోడు పోను సేతికి మట్టే. అదే గొయ్యి తవ్వితే గోతికింతని ఇత్తారు. మొక్క సస్తే మల్లీ అదే గోతికి మల్లీ ఇత్తారు."

"పోనీ కొట్టకు. కొడతానని ఓ కాయితం ముక్క రాసీయి."

పోలినాయుడు నొచ్చుకున్నాడు. "ఆ కర్ర ఉన్నంతకాలం మీ కొండకి ముప్పని ఎలగ రాత్తాను? నాను దొంగనే గాని అబద్దాలకోరుని కాదు."

ఆ మాటే మార్తాండరావు గారికి దారి చూపించింది. ఎండమ్మ చెప్పిందంతా విని ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "అయితే ముప్పు రాకుండా అడ్డుపడుతున్నది ఆ కర్రే అన్నమాట! సమస్య మూలం దొరికింది. ఇందుకు నియంత్రిత నిర్లక్ష్యం అనే వెసులుబాటు ఉంది. ఒక సంవత్సరం పాటు కాపలా నిలిపివేయండి. కర్రను కార్యాలయంలో జమ చేయండి. నెలనెలా నిర్లక్ష్య నివేదిక పంపండి. ముప్పు దానంతట అదే రుజువవుతుంది."

ఊళ్ళో మాట పెట్టారు. "కర్ర దిగితే కొండా దిగిపోతాదే, ఎండమ్మా. మీ అత్త సూత్తన్నాది" అన్నాడు సుక్కయ్య. చాలామంది తలలూపారు. ఎండమ్మ లేచింది.

"ఒక్క ఏడు. కొట్టిన సెట్టు మల్లీ సిగురేత్తాది. ఒడ్డు మీద పోయినోడు మల్లీ లెగడు."

ముప్ఫై ఎనిమిది గడపలూ సరేనన్నాయి. భాద్రపదంలో ఒక సోమవారం ఎండమ్మ కర్రను కొత్త తువ్వాలులో చుట్టి పట్నం తీసుకెళ్ళింది. స్టోరు గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కర్ర, ఒకటి, వాడినది" అని రిజిస్టర్లో రాసి, విరిగిన కుర్చీల మధ్య నిలబెట్టి రసీదు ఇచ్చాడు. తిరిగొచ్చిన సాయంత్రం, ఆ రోజు ఎవరి వంతో వాళ్ళు అలవాటు కొద్దీ గుమ్మంలోకి తొంగి చూసుకున్నారు. పక్షం రోజులదాకా ఆ చూపు పోలేదు.

మూడు నెలలు ఏమీ జరగలేదు. దొంగలు నమ్మలేదు. ఇందులో ఏదో మతలబు ఉందనుకుని దూరంగా ఉన్నారు. లోవగూడకు మెమో వచ్చింది. నిర్లక్ష్యంలో ఆశించిన పురోగతి కనిపించడం లేదని, కారణాలు తెలుపవలెనని, ఎవరైనా చాటుగా కాపలా కాస్తున్నట్టు తేలితే తగిన చర్య తీసుకోబడునని దాని సారాంశం. మెమోతో ఆగకుండా మార్తాండరావు గారు స్వయంగా రాళ్ళవలస సంతలో ముప్పు చైతన్య సదస్సు పెట్టారు. డప్పు కొట్టించి, "జాకరమ్మ కొండకు ప్రస్తుతం ఎలాంటి కాపలా లేదని ఇందుమూలముగా తెలియజేయడమైనది" అని మైకులో మూడుసార్లు చదివించారు.

ఆ వారమే గొడ్డళ్ళు మోగాయి.

మొదటి దెబ్బ వినబడినప్పుడు ఎండమ్మ పొలంలో ఉంది. కేక గొంతుదాకా వచ్చింది. నోరు తెరిచి, ఒప్పందం గుర్తొచ్చి, మూసుకుంది. చుట్టూ పొలాల్లో ఆడవాళ్ళంతా నడుములెత్తి ఆమెవైపు చూశారు. ఆమె వంగి మళ్ళీ కలుపు తీసుకుంది. కలుపేదో మొక్కేదో ఆ రోజు ఆమెకు తెలియలేదు.

పుష్యమాసానికి కొండ ముప్పు స్వల్పం నుంచి మధ్యస్థానికి ఎదిగింది. మాఘంలో పోలినాయుడే గోతుల పని తమ్ముడికి అప్పజెప్పి లారీతో సహా వచ్చాడు. నేరుగా ఎండమ్మ ఇంటి ముందు ఆగి, చొక్కా జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు.

"ఆయాల అబద్దం రాయనన్నాను. ఇప్పుడు నిజవే గదా. ఇదిగో, మీ కొండకి ముప్పుందని రాసి సంతకం పెట్టేను" అని లారీ ఎక్కి కొండవైపు పోయాడు.

ఫాల్గుణంలో ముప్పు తీవ్రస్థాయికి చేరింది. జిల్లాలో ఆ స్థాయి అందుకున్న మొదటి గ్రామం లోవగూడే. మార్తాండరావు గారు మిఠాయి పొట్లాలతో వచ్చి అందరికీ చేతులు కలిపారు. ఈసారి గెడ్డ దాటడానికి ఆయన బూట్లు విప్పలేదు. రాళ్ళ మీద అడుగులు వేసుకుంటూ వచ్చారు. చైత్రానికి ఆ రాళ్ళ మధ్య తడి కూడా పోయింది. పైన కొండ కొమ్మున, లారీ ఎక్కలేని చోట, ఓ వంద ఎకరాల చెట్లు మిగిలాయి.

వైశాఖంలో సన్నమ్మకు మళ్ళీ నొప్పులొచ్చాయి. డోలీ ఎత్తిన మనుషులు ఒడ్డున ఆగనైనా ఆగలేదు. ఎండిన గెడ్డలోంచి అలాగే నడిచిపోయారు, గంటలో ఆస్పత్రి చేరారు. ఆడపిల్ల పుట్టింది, తల్లీ పిల్లా క్షేమం. ఎండమ్మ ఆ పిల్లను ఎత్తుకుని సంతోషంతో ఏడ్చింది. మూడో రోజు ఇంటికి తెచ్చాక దాని గుడ్డలు ఉతకడానికి నీళ్ళు లేక, బిందె పట్టుకుని రెండు మైళ్ళు రాళ్ళవలస బోరుకు నడిచింది. ఆ దారిలో కూడా ఏడ్చింది గాని అది సంతోషంతో కాదు.

డబ్బు మంజూరైంది. చెట్లు పోయాయి గనక సేవల విలువ పడిపోయిందని, ముప్పు వచ్చింది గనక అర్హత పెరిగిందని, రెండూ కొట్టివేయగా సరిగ్గా ఒక వంతెనకు సరిపడా మిగిలిందని వివరంగా రాసి పంపారు. మరుసటి వేసవికి వంతెన లేచింది. రెండు లారీలు పక్కపక్కన పోయేటంత వెడల్పు. ఈలోగా ఎండమ్మ స్టోరుకు వెళ్ళి తన కర్ర తనకివ్వమంది. కర్ర ఎందుకని అడిగాడు గుమాస్తా. మిగిలిన ఆ కొమ్మునైనా కాచుకోవడానికని చెప్పింది.

"కాస్తారా? అలా అయితే మీ ముప్పు తగ్గిపోతుంది. ముప్పు తగ్గితే ఇచ్చిన డబ్బు వడ్డీతో వెనక్కి కట్టాలి. నేను విననట్టే ఉంటాను, మీరు వెళ్ళండి" అన్నాడతను. మంచివాడు.

ఎండమ్మ వచ్చేదారిలో ఒక వెదురు కర్ర నరుక్కుని తెచ్చింది.

వంతెన ప్రారంభోత్సవానికి షామియానా వేశారు. వేదిక గెడ్డ నడిమధ్యనే వేశారు, అక్కడైతే చదునుగా ఉందని. మార్తాండరావు గారు పావుగంట మాట్లాడారు. లోవగూడ విజయగాథ ఇతర గ్రామాలకు ఆదర్శం కావాలని, వచ్చే ఏడు మరో పన్నెండు గ్రామాలను ఈ స్థాయికి తేవడమే తన ధ్యేయమని అన్నారు. చప్పట్లు కొట్టించారు. తర్వాత సమితి అధ్యక్షురాలిని వేదిక మీదికి పిలిచారు.

ఎండమ్మ మెట్లెక్కింది. మైకు వైపు పోలేదు. చేతిలో వెదురు కర్రను తీసుకెళ్ళి మార్తాండరావు గారి కుర్చీకి ఆనించింది. కింద లోవగూడ జనం లేచి నిలబడ్డారు.

"ఆహా, గ్రామీణుల ఆప్యాయత! దీన్ని నా కార్యాలయంలో గోడకు పెట్టించుకుంటాను" అన్నారాయన కర్ర అందుకుంటూ.

"బొమానం కాదు బాబూ. రేపు వంతు తమది. తెల్లారీసరికి ఒంతెన కాడికి రావాల. మరొకర్ని తోడు తెచ్చుకోవాల."

ఆయన పెద్దగా నవ్వారు. పక్కనున్నవాళ్ళూ నవ్వారు. "తప్పకుండా అమ్మా, తప్పకుండా" అని ఆమె భుజం తట్టి కర్ర బంట్రోతుకిచ్చారు. బంట్రోతు దాన్ని జీపు వెనక పడేశాడు.

లోవగూడ వాళ్ళకు ఒక లోపం ఉంది. కర్ర పుచ్చుకున్నవాడు రాకపోవడమన్నది వాళ్ళు ఎన్నడూ చూడలేదు. అందుచేత తెల్లారేసరికి ఎండమ్మ, సుక్కయ్య తాత, పిల్లను చంకనేసుకున్న సన్నమ్మ, ఇంకా పదిమంది, వంతెన ఇవతల వరుసగా నిలబడ్డారు. తోడు మనిషి దొరక్క ఆలస్యమై ఉంటుందన్నాడు సుక్కయ్య. జీపు చెడిందేమో అంది సన్నమ్మ. ఎండ నెత్తికెక్కింది. పైనుంచి, ఆ మిగిలిన కొమ్ము మీంచి, టక్, టక్ మని చప్పుడు మొదలైంది.

కర్ర పుచ్చుకున్నాక వంతు తప్పడం నలభై ఏళ్ళలో అదే మొదటిసారి.

ఎండమ్మ నోరు తెరిచింది. ఈసారి మూసుకోలేదు. ఆ కేక లోయ ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళింది. పొలాల్లోంచి, ఇళ్ళలోంచి జనం పరిగెత్తుకొచ్చారు. ఆ కొమ్ముకు దారి గెడ్డ అవతలి ఒడ్డు నుంచి. వంతెన మీదుగా పోతే చుట్టు గనక, అందరూ గెడ్డలోకి దిగి అడ్డంగా పరిగెత్తారు. ఒక్కరి కాలూ తడవలేదు.